తిరుపతిలో విద్యార్థి విలేకరి తన బీట్‌ను ఎంచుకోవడం ఎలా?

జర్నలిజం విభాగంలో విద్యార్థులే నడిపే ప్రయోగ పత్రిక పని మొదలయ్యే రోజున బీట్లు, అంటే ఒక్కో విలేకరి క్రమం తప్పక వార్తలు సేకరించవలసిన రంగాలు, పంచుతారు. తిరుపతిలో ఆ పంపకం దాదాపు ప్రతిసారీ ఒకే తీరుగా సాగుతుంది. పదిహేను మంది విద్యార్థులుంటే పది మంది ‘కొండ’ కావాలంటారు, ముగ్గురు రాజకీయాలు అడుగుతారు, మిగిలిన ఇద్దరు సినిమాకూ క్రికెట్‌కూ మధ్య ఊగుతుంటారు. మంచినీళ్ల బీట్ ఇమ్మని తానుగా చేయెత్తిన విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. వారం వారం మీరు తిరిగి వెళ్లగలిగిన చోటు, అక్కడ మిమ్మల్ని గుర్తుపట్టే మనుషులు, అక్కడ పుట్టే కాగితాలు, ఈ మూడూ కలిస్తేనే అది బీట్ అవుతుంది. ఆ లెక్కన చూస్తే చాలామంది అడిగేవి బీట్లు కావు, కోరికలు మాత్రమే. అసలు బీట్‌ను ఎలా వెతుక్కోవాలో, దొరికినదాన్ని ఎలా పరీక్షించుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

ముందు కొండ సంగతి తేల్చుకోండి

తిరుమలలో దర్శనం చేసుకున్నవారి సంఖ్య, తలనీలాలు సమర్పించినవారి సంఖ్య, హుండీ కానుకల మొత్తం టీటీడీయే రోజూ ప్రకటిస్తుంది. పెద్ద పత్రికలకూ ఛానళ్లకూ అక్కడ ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్న విలేకరులున్నారు. తరగతులు ముగించుకుని సాయంత్రం బస్సెక్కి పైకి వెళ్లే విద్యార్థికి వారికి అందని వార్త దొరకడం కష్టం, వచ్చిన ప్రకటననే తిప్పి రాయడం మాత్రం చాలా సులభం. అందువల్ల ఆ బీట్ తీసుకున్నవారు సెమిస్టర్ చివరికి ప్రెస్ నోట్లు కుదించడంలో మాత్రమే ఆరితేరుతారు.

అయితే కొండ కింద ఉన్నదంతా విద్యార్థికి అందుబాటులోనే ఉంది. రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్ వద్ద దర్శన టోకెన్ల కోసం నిలబడే జనం, టోకెన్ దొరకక రాత్రి పేవ్‌మెంటు మీద దుప్పటి పరుచుకునే కుటుంబాలు, స్టేషన్ నుంచి అలిపిరికి ఆటో అడిగే ధర, సామాన్లు పెట్టుకునే చోటు, మరుగుదొడ్లు, ఇవన్నీ నడిచి వెళ్లి చూడగలిగినవే. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శన టోకెన్ల కోసం తిరుపతిలో గుమిగూడిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు మరణించారు. ఆ మర్నాడు గేట్ల గురించి రాయని పత్రిక లేదు. టోకెన్ల కేంద్రాలకు వారానికి రెండుసార్లు వెళ్లివచ్చే విద్యార్థికైతే గేటు ఎటు తెరుచుకుంటుందో, లోపల ఎంత చోటుందో, తాగునీరు ఏ మూలన పెడతారో పండుగకు నెల ముందే తెలిసి ఉంటుంది. ‘కొండ’ మీద మనసు పడినవారు ఈ మెట్టు దగ్గర మొదలుపెడితే మంచిది.

టైంటేబుల్ ముందు పెట్టుకుని వెతకండి

బీట్ ఎంచుకునే ముందు ఎవరూ చేయని పని ఒకటుంది. మీ తరగతుల టైంటేబుల్ తీసి, మీకు ఖాళీ ఉండే గంటలను గుర్తుపెట్టండి. చాలామందికి ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగున్నర తరువాత, ఆదివారం తప్ప ఖాళీ ఉండదు. ప్రభుత్వ కార్యాలయాలు తెరిచి ఉండే వేళల్లో మీరు తరగతిలో ఉంటారు. అటువంటప్పుడు కలెక్టరేట్‌ను బీట్‌గా తీసుకుంటే నెలకు ఒకటి రెండు సోమవారాలు తరగతి ఎగ్గొట్టి అక్కడి ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లడం తప్ప మరేమీ చేయలేరు.

తెల్లవారుజామునా సాయంత్రమూ బతికే బీట్లు ఊళ్లో ఎన్నో ఉన్నాయి. రైతుబజారుకు కూరగాయలు దిగే వేళ, పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేయించుకునే వేళ, పాల కేంద్రం, కుళాయి నీళ్లు, పల్లెవెలుగు బస్సుల ఆఖరి ట్రిప్పు, రుయా ఆసుపత్రి బయట రోగుల వెంట వచ్చినవారు అన్నం పొట్లాలు విప్పుకునే సాయంత్రం, ఇవన్నీ మీ గంటల్లో ఉన్న బీట్లే. వృత్తి విలేకరి సాయంత్రం పేజీ డెడ్‌లైన్‌తో కుస్తీ పడుతుంటాడు కాబట్టి ఆ వేళ మీకు పోటీ కూడా తక్కువ.

తరువాత దూరం చూసుకోండి. హాస్టల్ నుంచి నడిచి గాని, ఒకే బస్సులో గాని అరగంటలో చేరుకోలేని చోటును బీట్‌గా తీసుకోవద్దు. మొదటి వారం ఉత్సాహం మీద వెళతారు, మూడో వారం నుంచి ఫోన్‌లో అడిగి రాస్తారు. విశ్వవిద్యాలయాల వైపు ఉండేవారికి బాలాజీ కాలనీ, ఆసుపత్రులు దగ్గర. కొర్లగుంట, జీవకోన వైపు గదులు తీసుకున్నవారికి నీళ్లు, కాలువలు, ఇళ్ల పట్టాలు ఇంటి ముందే ఉంటాయి.

మూడు గడుల పరీక్ష

మనసులో ఉన్న నాలుగైదు బీట్లను కాగితం మీద రాసి, ఒక్కోదాని ఎదుట మూడు గడులు గీయండి. మొదటి గడిలో మనుషులు, రెండో గడిలో కాగితాలు, మూడో గడిలో తేదీలు. మనుషుల గడి ఖాళీగా ఉన్న బీట్ ప్రెస్ నోట్ల పాలవుతుంది. కాగితాల గడి ఖాళీ అయితే మీరు రాసేది అభిప్రాయమవుతుంది. తేదీల గడి నిండకపోతే అది ఒక్కసారి రాసే ఫీచర్‌గా మిగులుతుంది, దాన్ని ఏడాది పొడవునా సాగదీయలేరు. మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇందుకు మంచి ఉదాహరణ. అది వారం రోజుల పండుగే కాని బీట్ కాదు.

మంచినీళ్లను ఈ పరీక్షకు పెట్టి చూద్దాం. తిరుపతికి తాగునీరు ప్రధానంగా కల్యాణి డ్యామ్ నుంచి, తెలుగుగంగ నుంచి వస్తుంది. కాగితాల గడిలో నగరపాలక సంస్థ బడ్జెట్, టెండర్ ప్రకటనలు, పాలకవర్గం ఉన్నప్పుడు కౌన్సిల్ అజెండా, లేనప్పుడు ప్రత్యేకాధికారి ఉత్తర్వులు చేరుతాయి. తేదీల గడిలో సోమవారం అర్జీలు, వేసవి మొదలు, వానల తరువాత డ్యామ్ మట్టం, బడ్జెట్ సమావేశం ఉంటాయి. మనుషుల గడిలో అందరూ ముందు ఇంజినీరు పేరు రాస్తారు. అది తప్పు కాదు కాని, ఆ గడిలో మొదట ఉండవలసినవాడు వాల్వు తిప్పి వీధికి నీళ్లు వదిలే మనిషి. ఏ వీధికి ఎన్ని నిమిషాలు వదులుతున్నారో, ఎవరి ఫోను వస్తే ఆ నిమిషాలు పెరుగుతాయో అతనికి తెలిసినంతగా ఆ శాఖలో మరొకరికి తెలియదు. ఆ తరువాత వార్డు సచివాలయంలో నీటి సరఫరా చూసే అమెనిటీస్ కార్యదర్శి. ఈ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి, నగరంలో ఎక్కడున్నా మీ గదికి దగ్గర్లోనే ఒకటి ఉంటుంది.

ఒక కాలనీలో ఒక విద్యార్థినితో కలిసి ఇలాగే తిరిగినప్పుడు చూసిన సంగతి చెబుతాను. ఉదయం ఆరున్నరకు కుళాయి దగ్గర బిందెలు వరుసగా ఉన్నాయి, మనుషులు లేరు. బిందె లేనివాళ్లు తమ వంతుకు గుర్తుగా ఒక రాయి పెట్టి వెళ్లారు. పక్కింటి గడప మీద కూర్చుని పూలు కడుతున్న ఒక అమ్మ, ‘రెండు దినాలకు ఒగసారి ఇడుస్తామన్నారు, ఇడిసిన దినం నేను గుర్తు పెడతా ఉండాను’ అంటూ మమ్మల్ని లోపలికి పిలిచింది. గోడకు తగిలించిన టీటీడీ క్యాలెండర్‌లో నీళ్లు వచ్చిన తేదీల పక్కన పెన్సిల్‌తో చిన్న గీత, రాని తేదీల పక్కన సున్నా ఉన్నాయి. జనవరి నుంచి ప్రతి నెల కాగితం మీదా గుర్తులున్నాయి. ఒకటి రెండు చోట్ల గీతకు పక్కనే ‘బురద’ అని రాసి ఉంది. ఆ విద్యార్థిని ఆ గుర్తులన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, సచివాలయం గోడ మీద అంటించిన సరఫరా వేళల పట్టికతో పోల్చి చూసింది. ఆ రెండు కాగితాల మధ్య తేడాయే ఆమె మొదటి వార్త. దానికి ఏ అధికారి అపాయింట్‌మెంటూ అవసరం రాలేదు, వివరణ కోసం చివరలో చేసిన ఒక్క ఫోను తప్ప.

ఇరుకు చేయండి, ఇంకా ఇరుకు చేయండి

‘విద్య’ అని రాసుకుంటే బీట్ కాదు. మీ గది చుట్టూ రెండు కిలోమీటర్లలో ఉన్న ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం అని రాసుకుంటే బీట్ అవుతుంది. ‘ఆరోగ్యం’ బదులు రుయాలో గాని స్విమ్స్‌లో గాని చేరిన రోగుల వెంట వచ్చినవారి తిప్పలు అనుకోండి. రాయలసీమ నలుమూలల నుంచీ, సరిహద్దు దాటి తమిళ ఊళ్ల నుంచీ వచ్చినవారు ఎక్కడ పడుకుంటారు, మందులు ఎక్కడ కొంటారు, రాత్రి వేళ అంబులెన్సుకు ఎంత ఇస్తారు అన్నదే ఏడాదికి సరిపడా పని. వార్డుల్లోకి వెళ్లాలంటే సూపరింటెండెంట్ అనుమతి కావాలి. గేటు బయట మాట్లాడటానికి ఆ అవసరం లేదు. ఎవరి జబ్బు గురించి రాసినా వారి ఒప్పుదల లేకుండా పేరు, ఫొటో వాడవద్దు.

తిరుపతిలో గది తీసుకుని వారాంతంలో చిత్తూరు వైపు సొంత ఊరికి వెళ్లే విద్యార్థులు తమ దగ్గరున్న భాగ్యాన్ని గమనించరు. తోతాపురి మామిడి తోట ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు వచ్చి రాజకీయాల బీట్ అడిగితే నాకు నిజంగా బాధ వేస్తుంది. చిత్తూరు మామిడి అంటే చాలావరకు గుజ్జు పరిశ్రమలకు వెళ్లే తోతాపురి. జూన్, జూలైలలో కాయ దిగుతుంది, ధర గొడవ పత్రికలకెక్కుతుంది, ఆగస్టుకల్లా అందరూ మరిచిపోతారు. 2025 సీజన్‌లో ధర పడిపోయినప్పుడు కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని, అందులో 8 రూపాయలు పరిశ్రమలు ఇవ్వాలని, 4 రూపాయలు ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించారు. వృత్తి విలేకరులు ఆ ప్రకటన రాశారు, ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన ట్రాక్టర్ల ఫొటోలు వేశారు. విద్యార్థికి దక్కే పని ఆ తరువాత మొదలవుతుంది. మీ ఊళ్లో పది మంది రైతుల తూకం చీటీలు తీసుకుని, ఎన్ని టన్నులు తోలారో, ఫ్యాక్టరీ నుంచి కిలోకు ఎంత పడిందో, ప్రభుత్వ సాయం ఏ తేదీన ఖాతాలో జమ అయిందో ఒక పట్టిక వేయండి. జనవరిలో పూత చూసినప్పుడు మొదలుపెట్టి, డిసెంబరులో ఆఖరి రూపాయి వచ్చిందో లేదో అడిగేదాకా ఆ పట్టిక నడవాలి. ట్రాక్టరు వరుసలో రెండు రోజులు నిలబడితే కాయ మెత్తబడి తూకం తగ్గుతుందన్న సంగతి మీ నాన్న మాటల్లో ఎన్నోసార్లు విని ఉంటారు, దాన్ని తూకం చీటీల మీద రుజువు చేయడం మీ పని. అయితే మీ ఇంటి తోట లెక్క ఆ పట్టికలో ఉండకూడదు, ఉంటే ఆ సంగతి వార్తలోనే చెప్పాలి.

పాడి ఉన్న ఊరివాళ్లకు పాల కేంద్రం ఇచ్చే చీటీ ఉంది. వెన్న శాతాన్ని బట్టి ధర మారుతుంది కనుక ఆ చీటీలను నెల రోజులు దాచమని నలుగురిని అడగండి. పలమనేరు, కుప్పం వైపువారికి ఏనుగులు పంట తొక్కిన పొలాలు, అటవీ శాఖ పరిహారం ఫైళ్లు ఉన్నాయి. నగరి వైపు మరమగ్గాలు ఉన్నాయి, తమిళం వచ్చినవారైతే అక్కడ వేరెవరికీ చెప్పని మాటలు మీకు చెబుతారు.

వద్దనుకోవలసినవి

శేషాచలం అడవుల ఎర్రచందనం దొంగరవాణాను విద్యార్థి తన బీట్‌గా తీసుకోవడం నాకు సమ్మతం కాదు. అది సాహసంగా కనిపిస్తుంది కాని, మీ వెనుక లాయరుతో, వాహనంతో నిలబడే సంస్థ లేదు. కోర్టులకు వచ్చిన కేసుల కాగితాలు చదివి రాయండి, అడవిలోకి మాత్రం వెళ్లకండి. నేర వార్తలు రాసేవారు బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ చదివి తీరాలి. కేసులో ఉన్న బాలల పేరు, బడి, ఊరు, వారిని గుర్తుపట్టే ఏ వివరమూ ప్రచురించకూడదు. లైంగిక నేరాల బాధితుల విషయంలోనూ అంతే.

మీ చిన్నాన్న కాంట్రాక్టరుగా ఉన్న శాఖ, మీ కుటుంబం కండువా కప్పుకున్న పార్టీ, మీరు స్కాలర్‌షిప్ తీసుకుంటున్న సంస్థ, వీటిని వేరొకరికి వదిలేయండి. మీ విశ్వవిద్యాలయమే మంచి బీట్ అని చాలామంది అంటారు, అందులో నిజం లేకపోలేదు. కాని హాస్టల్ మెస్ గురించి రాసేవాడు ఆ మెస్‌లోనే తినాలి, ఆ వార్తను అచ్చుకు పంపవలసిన ఆచార్యుడు ఆ పాలనలోనే భాగం. ఈ చిక్కును ముందే సంపాదక బృందంలో మాట్లాడుకుని, వార్తను ఎవరు చూసి పంపాలో తేల్చుకున్నాకే దిగండి. ఇక బండి మీద ‘ప్రెస్’ స్టిక్కర్ వద్దు. విలేకరికి ప్రభుత్వ గుర్తింపైన అక్రెడిటేషన్ కార్డు ఇచ్చేది సమాచార పౌర సంబంధాల శాఖ, మీ దగ్గర ఉన్నది కళాశాల గుర్తింపు కార్డు. అడిగితే అదే చూపించి, విద్యార్థినని చెప్పండి. ఆ మాట వినగానే కూర్చోబెట్టి విడమరిచి చెప్పేవారు ఈ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు.

పదిహేను రోజులు అద్దెకు తీసుకోండి

ఎంచుకున్న బీట్‌ను వెంటనే సొంతం చేసుకోకుండా పదిహేను రోజులు నడిపి చూడండి. ఆ గడువు ముగిసేసరికి ప్రెస్ నోట్ ఆధారం లేని వార్తలు మూడు, నోటుపుస్తకంలో ఇరవై పేర్లు, ఫోను నంబర్లు ఉండాలి. ఆ ఇరవైలో సగానికి మించి అధికారులైతే బీట్ సరిగా కుదరలేదని అర్థం. ఈ లెక్క నేను దెబ్బతిని నేర్చుకున్నాను. చదువుకునే రోజుల్లో ‘పురపాలన’ అని పెద్ద పేరున్న బీట్ తీసుకుని, మూడు నెలలు ఒకే అధికారి గది ముందు కూర్చున్నాను. ఆయన మంచివాడు, అడిగినవన్నీ చెప్పేవాడు, టీ కూడా ఇప్పించేవాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఆయనకు బదిలీ అయింది. సోమవారం నాడు ఆ కార్యాలయంలో నన్ను గుర్తుపట్టినవాడు అటెండర్ ఒక్కడే. అతనితో నేను అంతవరకు ‘సార్ ఉన్నారా’ అన్న మాట తప్ప మరొకటి మాట్లాడలేదు. అంతకంటే ఘోరమేమిటంటే, ఆ మూడు నెలల్లో నేను రాసినవన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటే అవి ఆయన కళ్లతో చూసిన వార్తలే.

పదిహేను రోజుల్లో మూడు వార్తలు రాకపోతే మొహమాటపడకుండా బీట్ మార్చుకోండి. ఒకసారి మార్చుకోవడం మంచిదే, మూడోసారి మార్చమని అడుగుతున్నారంటే లోపం బీట్‌లో ఉండదు.

సమాచార హక్కు దరఖాస్తు మొదటి వారంలోనే

సెమిస్టర్ నాలుగు నెలలు. సమాచార హక్కు చట్టం 2005 కింద అధికారికి ఉన్న గడువు 30 రోజులు, జవాబు రాకపోతే మొదటి అప్పీలుకు మరో నెల పైన పడుతుంది. కనుక దరఖాస్తును బీట్ ఖాయం చేసుకున్న వారంలోనే వేయాలి, పరీక్షల ముందు వేస్తే ఆ జవాబు మీ జూనియర్ చేతికి వస్తుంది. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము 10 రూపాయలు, మండల స్థాయికి 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుము లేదు. ‘నీళ్లు ఎందుకు రావడం లేదు’ అని అడిగితే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద రికార్డులో ఉన్నదే అడగగలం. ‘ఫలానా డివిజన్‌లో గడచిన ఆరు నెలల నీటి సరఫరా లాగ్ బుక్కు నకలు, పైపులైను మరమ్మతులకు చెల్లించిన బిల్లుల నకళ్లు’ అని అడగండి. ఏ కార్యాలయానికి వేయాలో కూడా చూసుకోండి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకు ముందటి దస్త్రాలు మీ మండలాన్ని బట్టి చిత్తూరులోనో, సూళ్లూరుపేట వంటి చోట్లకైతే నెల్లూరులోనో అడగవలసి రావచ్చు.

బీట్ పుస్తకం

విద్యార్థి పత్రికల్లో బీట్ ఏటా ఏప్రిల్‌లో చచ్చిపోతుంది. సీనియర్ వెళ్లిపోతాడు, జూనియర్ మళ్లీ ‘కొండ’ అడుగుతాడు. దీనికి మందుగా బీట్‌కు ఒక పుస్తకం పెట్టండి, ఫోన్‌లో కాకుండా దారంతో కుట్టిన లెక్కల పుస్తకమైతే మేలు. ముందు పేజీల్లో మనుషుల పేర్లు, వారితో ఏ వేళ మాట్లాడవచ్చో రాయండి. పేరు బయటపెట్టవద్దని కోరినవారి వివరాలు మాత్రం ఇందులో ఎక్కించకండి, వారి అనుమతి లేకుండా జూనియర్‌కు కూడా చెప్పకండి. మధ్య పేజీల్లో నెలవారీ తేదీలు, చివర జవాబు రాని దరఖాస్తులు, అధికారులు ‘చేస్తాం’ అని మాట ఇచ్చిన పనులు, మాట ఇచ్చిన తేదీతో సహా ఉండాలి. ఆ చివరి పేజీల నుంచే మీ జూనియర్ మొదటి ఫాలోఅప్ వార్త పుడుతుంది. పుస్తకం అప్పగించే రోజున దాన్ని డిపార్ట్‌మెంట్ బీరువాలో పడేసి పోకుండా, జూనియర్‌ను వెంటబెట్టుకుని ఉదయం ఆరున్నరకు ఆ కాలనీకి వెళ్లి, కుళాయి పక్కింటి అమ్మకు పరిచయం చేసి, ఈ ఏటి క్యాలెండర్ ఒకసారి చూపించమని అడగండి.